విజయనగరము పేర నొక క్రికెట్టు జట్టు



విజయనగరమనగానే తుంగభద్రాతీరమందలి రాయలవారి రాజధాని కొందఱికి జ్ఞప్తికి వచ్చును. మన కళింగసీమవారికి మాత్రము పూసపాటివారి కోట, పైడితల్లి అమ్మవారి సిరిమాను, కళాశాల, సంగీతశాల మనస్సున మెదలును. ఈ సంస్థానాధీశుల దానములను గూర్చి పెద్దలు చెప్పగా మీరెల్లరు వినియే యుందురు. ఆనందగజపతి మహారాజుగారి ద్రవ్యసాహాయ్యముతో మాక్సుముల్లరు పండితుని ఋగ్వేదసంహిత 1890వ సంవత్సరము మొదలు రెండవమారు అచ్చుపడిన సంగతి చదువుకొన్నవారెఱుగుదురు. అయితే ఈ పేరుతోనే యొకప్పుడొక క్రికెట్టు జట్టు కూడ నుండెనని, ఆనాటి ప్రపంచమున అగ్రగణ్యులైన ఆంగ్లేయ క్రీడాకారులిద్దఱు ఆ జట్టున చేరి ఆడిరని, ఇంగ్లండునుండి వచ్చిన జట్టును సైతము అది యొకమా రోడించెనని ఎఱిగినవారు మనలో కొలదిమందియే. ఆ జట్టు బ్రదికిన కాలము స్వల్పము. ఏల పుట్టినది, ఏల నిలువలేదు, ఏమి మిగిల్చినది అను మూడు ప్రశ్నలను నేడు విచారింతము.

ఈ జట్టునకు కర్త మహారాజకుమార విజయానందగజపతిరాజుగారు. ఆయన 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించెను. తండ్రి విజయరామగజపతిరాజుగారు 1922లో స్వర్గస్థులు కాగా పెద్దకుమారుడు అలకనారాయణగజపతిరాజుగారికి గద్దె దక్కెను. రెండవవాడగు విజయానందుడు సంస్థానమునకు కాశిలో గల ఆస్తులవైపు మరలి అచ్చట నివాస మేర్పఱచుకొనెను. పూసపాటివారికి కాశి పరస్థలము కాదు. వెనుకటి తరముననే వారచ్చట భవనములు కట్టించిరి. కాశీపట్టణపు టౌనుహాలు వారి దానమే. విజయానందుడు అజ్మీరులోని మేయో కళాశాలయందును, ఇంగ్లండులోని హెయిలిబరీ పాఠశాలయందును చదివినవాడు. ఆ రెండుచోట్లను క్రికెట్టు ఆటకు పెద్దపీట. చదువుతోపాటు ఆ యాటపై మోజు కూడ ఆయన వెంట వచ్చెను. 1926లో కాశిలోని తన భవనపు ఆవరణమున ఆటస్థల మొకటి సిద్ధపఱపించి సొంత జట్టును కూర్చెను. క్రీడాలోకమున జనులాయనను ముద్దుగా విజ్జీ యని పిలిచిరి. ఆ పేరే నిలిచినది.

జట్టుకు పేరు విజయనగరము, ఆట కాశిలో, ఆటగాండ్రలో పెక్కుమంది ఉత్తరదేశమువారును, పశ్చిమదేశమువారును. ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. కథ చివర దీనితో పని గలదు.

ఆ జట్టు దేశమున వాసికెక్కుటకు 1930వ సంవత్సరము కారణమయ్యెను. ఆ యేడు మార్చి, ఏప్రిలు నెలలలో మహాత్ముడు దండికి నడచి ఉప్పు తీసెను. నౌపడా ఉప్పుకొఠారుల సీమవారమగు మనకు ఉప్పుపన్ను కథ వేఱుగ చెప్పనక్కఱలేదు. దేశమెల్ల శాసనోల్లంఘనముతో అట్టుడికిపోవుచుండెను, కారాగారములు నిండెను. ఇంగ్లండునందలి మెరిలిబోను క్రికెట్టు క్లబ్బువారు ఆ శీతకాలమున తమ జట్టును భారతదేశమునకు, సింహళమునకు పంపవలెనని తలపెట్టి, దేశపరిస్థితిని చూచి మానుకొనిరి. బొంబాయిలో ఏటేట మతములవారీగా జరుగు నాలుగు జట్ల పందెములు కూడ 1930 మొదలు కొన్నియేండ్లు నిలిచిపోయెను. ఆటగాండ్రకు ఆడుటకు చోటు లేకపోయెను.

ఆ లోటున విజ్జీకి అవకాశము కనబడెను. ఇంగ్లండు క్లబ్బువారు రానిచో నేనే జట్టును నడిపించి దేశమెల్ల త్రిప్పెదనని పూనుకొనెను. ఇందులో మంచియు గలదు, చెడ్డయు గలదు. కుఱ్ఱవాండ్రకు గొప్పవారి సరసన ఆడు అదృష్టము కలిగినది, అది మంచి. దేశమెల్ల దుఃఖమున నుండగా రాజకుమారుడు వినోదయాత్ర సాగించుట అనేకుల మనస్సునకు నచ్చియుండదు. ఆ కాలపు సంస్థానాధీశుల స్థితియే యట్టిది. వారి వైభవము ప్రభుత్వముయొక్క చల్లని చూపుపై నిలిచినది.

విజ్జీ పిలువగా వచ్చినవారిద్దఱు: జాక్ హాబ్సు, హెర్బర్టు సట్‌క్లిఫు. ఇంగ్లండు జట్టునకు మొదటి జోడుగ దిగి ఎన్నియో పందెములను నిలువబెట్టినవారు. హాబ్సునకు నాటికి నలువదియెనిమిదేండ్లు. ఆ వేసవిలోనే టెస్టుపందెములనుండి విరమించెను. అంతకుముందు ఇట్టి పిలుపులను ఐదుమార్లు త్రోసిపుచ్చినవాడని చెప్పుదురు. ఆఱవమారు సమ్మతించి, సట్‌క్లిఫుతో కలిసి 1930-31 శీతకాలమున విజయనగర రాజకుమారుని జట్టు పేర భారతదేశమునను, సింహళమునను ఆడెను.

ఇచ్చట నొక ముచ్చట చెప్పవలెను. ఆ కాలమున ఇంగ్లండులో క్రికెట్టు ఆడువారు రెండు తెగలు. కూలి పుచ్చుకొని ఆడువా రొకతెగ. కలిమి గలిగి, కూలి ముట్టక వినోదమునకై ఆడువారు మఱియొకతెగ. ఈ రెండు తెగలకు వేఱువేఱు ద్వారములు, వేఱువేఱు గదులు. హాబ్సు, సట్‌క్లిఫు ఇరువురును కూలితెగవారే. ఎంత నేర్పరియైనను కూలితెగవాడు ఆనాడు ఇంగ్లండు జట్టునకు నాయకుడు కాజాలడు. ఈ భేదము 1962లోగాని తొలగిపోలేదు. కావున విజయనగరము పేర ఆడిన ఆ జట్టున మేటి ఆటగాండ్రు కూలివారు, నాయకుడు రాజకుమారుడు. కులాసాకు ఆడువాడు నాయకుడగుట, నేర్పు గలవాడు సేవకుడగుట మన దేశమున పుట్టిన వింత కాదు, ఇంగ్లండునుండి వచ్చినదే. కాని మన సంస్థానములలో దానికి మంచి నేల దొరికినది.

ఆ పర్యటన ముగిసి ఎన్ని దశాబ్దములు గడచినను దాని గుఱుతొకటి పుస్తకములలో నేటికిని నిలిచియున్నది. హాబ్సు తన జీవితమున మొదటితరగతి పందెములలో చేసిన శతకములెన్ని యను ప్రశ్నకు రెండు జవాబులు గలవు. పూర్వపు లెక్క ననుసరించి 197 శతకములు, 61,237 పరుగులు. మఱియొక లెక్క ననుసరించి 199 శతకములు, 61,760 పరుగులు. ఈ తేడాకు కారణము మఱేమియు గాదు. విజయనగర రాజకుమారుని జట్టు తరపున భారత, సింహళములలో ఆయన ఆడిన పందెములే. వానిని మొదటితరగతి పందెములుగ నెన్నవలెనా కూడదా యని పండితులు వాదించుచు వచ్చిరి. ప్రపంచమున నెవ్వరును చేరుకొనలేని ఆ సంఖ్యయందు రెండు శతకములు మన ఊరి పేరుమీద వ్రేలాడుచున్నవి. జట్టు పోయినను లెక్క తేలలేదు.

విజ్జీ గుణములలో మెచ్చదగినది యొకటి గలదు. నేర్పు ఎక్కడ నున్నను కనిపెట్టుట. ఇందూరులో ముస్తాకు ఆలీ యను బాలుడు బడికి పోవు వయస్సున నుండగనే విజ్జీ వానిని కాశికి రప్పించి శిక్షణ నిప్పించెను. తరువాతి కాలమున వెస్టిండీసునుండి లియరీ కాన్‌స్టంటైనును ఈ దేశమునకు పిలిపించెను. కాన్‌స్టంటైను నల్లజాతివాడు, మేటి ఆటగాడు. జాతి, మతము, భాష చూడక నేర్పును మాత్రమే చూచి సొమ్ము వెచ్చించుట ఆ కాలమున చిన్నసంగతి కాదు.

1933-34 శీతకాలమున మెరిలిబోను క్లబ్బువారు తుదకు జట్టును పంపిరి. దానికి నాయకుడు డగ్లసు జార్డిను. ముందటి యేడు ఆస్ట్రేలియాలో శరీరమునకు గురిపెట్టి బంతులు వేయించి, కీర్తి అపకీర్తులు రెండును మూటగట్టుకొని, నాలుగు పందెములు గెలిచి ఒక్కటి మాత్రమే ఓడి వచ్చినవాడు. భారతదేశమున ఆ జట్టు మూడు టెస్టుపందెములు ఆడి రెండు గెలిచి ఒకటి సమముగ ముగించెను. దేశమెల్ల తిరిగి ఎన్నియో పందెములాడెను. ఆ పర్యటన మొత్తమున అది ఓడినది ఒక్కచోటనే. ఆ చోటు కాశి. ఓడించినది విజయనగర రాజకుమారుని జట్టు. తేడా 14 పరుగులు. 1934 జనవరి నెలలోని ఆ గెలుపే ఈ జట్టు చరిత్రకు శిఖరము.

ఇంతటితో విజ్జీ తృప్తిపడి, పోషకుడుగ నిలిచియుండినచో కథ వేఱుగ నుండెడిది. కాని ఆయనకు జట్టును పోషించుట చాలలేదు. దేశపు జట్టునకు నాయకుడు కావలెనను కోరిక పట్టుకొన్నది. ఇచ్చట రెండు నడవడులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1932లో భారతజట్టు మొదటి టెస్టుపందెమునకు ఇంగ్లండు పోయినప్పుడు నాయకుడుగ నియమింపబడినవాడు పోరుబందరు మహారాజు. ఆయన తన నేర్పెంతయో తానెఱిగి, లార్డ్సు మైదానమున జరిగిన ఆ పందెమున తాను తప్పుకొని నాయకత్వమును కొఠారి కనకయ్య నాయుడుగారి కప్పగించెను. మన తెలుగు కుటుంబమున నాగపురములో పుట్టి, ఆటలో సింహమైన సి. కె. నాయుడుగారే భారతజట్టునకు మొదటి టెస్టు నాయకుడైన విధమిది. నాలుగేండ్లు గడచెను. 1936లో విజ్జీ తానే నాయకుడై ఇంగ్లండునకు పోయెను. నాయుడుగారు ఆయన క్రింద ఆడవలసివచ్చెను.

ఆ యాత్ర ఫలితము దుఃఖకరము. మూడు టెస్టులలో రెండు ఓడిరి, ఒకటి సమమయ్యెను. నాయకుడు ఆఱుమార్లు ఆడి 33 పరుగులు చేసెను. లాలా అమరనాథు అను మేటి ఆటగాని అవిధేయత పేర మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపివైచిరి. జట్టులో కక్షలు ప్రబలెను. దేశమున గగ్గోలు పుట్టగా బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంటుగారి అధ్యక్షతన విచారణ జరిగెను. 1937 జనవరిలో వెలువడిన ఆ నివేదిక అమరనాథును నిర్దోషియనెను. ఆటగాండ్రను మైదానమున నిలుపుటయందును, బంతి వేయువారిని మార్చుటయందును నాయకునకు నేర్పు లేదని, బ్యాటు పట్టువారికి స్థిరమైన వరుస నేర్పఱుపలేదని తేల్చెను. అదే యాత్రలో ప్రభుత్వమువారు విజ్జీకి సర్ బిరుద మిచ్చిరి. బిరుదమును, పరాభవమును ఒకే యేట వచ్చినవి.

కాని విధి చమత్కారము చూడుడు. ఆ పరాభవయాత్రలోనే, మాంచెస్టరు టెస్టులో, విజయ మర్చంటుతో కలిసి ముస్తాకు ఆలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు జోడించెను. ముస్తాకు 112 పరుగులు చేసెను. పరదేశపు గడ్డపై టెస్టుపందెమున శతకము చేసిన మొదటి భారతీయుడు ఆయనయే. కాశిలో విజ్జీ శిక్షణ నిప్పించిన ఆ బడిపిల్లవాడే ఆతడు. తన బ్యాటుతో సాధింపలేని కీర్తిని తాను పెంచిన పిల్లవాడు తెచ్చెను. పోషకుడుగ విజ్జీ గెలిచెను, నాయకుడుగ ఓడెను.

ఇక జట్టు మాట. ఆ గెలుపు తరువాత దాని పేరు క్రమముగ మఱుగుపడెను. ఏల? ఒక్కని ధనముతో, ఒక్కని ఇచ్చతో నడచినది గనుక. దానికి సంఘము లేదు, చందాదారులు లేరు, దాని క్రింద పాఠశాల లేదు. రాజకుమారుని మనస్సు వేఱొకవైపు మరలగానే దానికి దిక్కు లేకపోయెను.

పరదేశపు సామ్య మొకటి చెప్పెదను. జపానులో బేసుబాలు అను ఆట గలదు. అదియు బంతిని కఱ్ఱతో కొట్టి పరుగెత్తు ఆటయే. అచ్చటి తొలి కూలిజట్టు 1920లో తోకియో నగరమున వసేదా విశ్వవిద్యాలయమున చదివిన ఆటగాండ్ర పూనికచే పుట్టెను. వారికి షిబావురాయందు సొంత మైదానము కూడ నుండెను. 1923 సెప్టెంబరు 1వ తేదీన మహాభూకంపము వచ్చి నగరము కాలిపోగా, ఆ మైదానమును బాధితుల సాహాయ్యమునకు తీసికొనిరి. జట్టు చెదరెను. అయినను ఒక రైలుకంపెనీవారు ముందునకు వచ్చి ఆ ఆటగాండ్రను చేరదీసి తకారజుకా పట్టణమున 1924లో మరల నిలబెట్టిరి. అదియు 1929లో ముగిసెను. కాని అంతటితో ఆట చావలేదు. 1934లో ఒక వార్తాపత్రిక యజమాని క్రొత్తజట్టును కూర్చెను. 1936లో పలుజట్ల పోటీ యేర్పడెను. ఆ వార్తాపత్రికవారి జట్టు నేటికిని ఆడుచున్నది. మొదటి చెయ్యి జాఱగా రెండవ చెయ్యి, రెండవది జాఱగా మూడవది పట్టుకొన్నది. మన విజయనగర జట్టును పట్టుకొనుటకు రెండవ చెయ్యి లేకపోయెను. ఇదియే భేదము.

దూరమేల? విజయనగరముననే చూతము. విజ్జీ తండ్రి విజయరామగజపతిగారు 1919లో సంగీతకళాశాలను స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగా రచ్చట వాయులీనము నేర్పిరి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు అచ్చటి విద్యార్థి, సుశీలగారును అంతే. స్థాపించిన ప్రభువు మూడేండ్లకే గతించెను, సంస్థానములు పోయెను, ప్రభుత్వములు మాఱెను, కళాశాల మాత్రము నిలిచియున్నది. తండ్రి పెట్టిన సొమ్ము ఊరి పిల్లల గొంతులలో చేరినది. కుమారుడు పెట్టిన సొమ్ము, నేర్పరులకు మేలు చేసినను, ఊరికి చేరలేదు. పేరు మన ఊరిది. ఆట మన ఊరిలో వేళ్లూనలేదు. మొదట మనస్సున నుంచుకొనుమన్న సంగతి యిదియే.

అయినను విజ్జీని గూర్చి కఠినముగ పలికి విడుచుట న్యాయము కాదు. 1947లో ఆయన సర్ బిరుదమును విడిచివేసెను. 1954లో భారత క్రికెట్టు మండలికి అధ్యక్షుడయ్యెను. ఒకప్పుడు తనక్రింద ఆడవలసివచ్చిన నాయుడుగారిని 1956-57లో ఉత్తరప్రదేశపు జట్టునకు నాయకుడుగ పిలిచెను. నాయుడుగారికి నాటికి అఱువదియొకటవ యేడు. అంతకుముందే, 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన శీతకాలమున, మన ఆంధ్రజట్టు మొదటిమారు రంజీ పోటీలో దిగగా దానికి నాయకత్వము వహించినవారును ఆ నాయుడుగారే. విజ్జీ రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానము చెప్పి శ్రోతలను గూడ సంపాదించెను. 1962లో విశాఖపట్టణపు ప్రజలాయనను లోకసభకు పంపిరి. 1965 డిసెంబరు 2వ తేదీన కాశిలోనే ఆయన కన్నుమూసెను. పిదప విశ్వవిద్యాలయ విద్యార్థుల క్రికెట్టు పోటీ కొకదానికి ఆయన పేరు పెట్టిరి. ఆయన కూర్చిన జట్టు పోయినను, విద్యార్థులు ఆడు పోటీ ఆయన పేరు నిలిపినది. ఇదియు మన వాదమునకు సాక్ష్యమే.

గ్రామపెద్దలకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని గలదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున పిల్లలకు సాము నేర్పి, పిదప సర్కసు కంపెనీ పెట్టి దేశమెల్ల పేరొందిరి. ఆయన సర్కసు ఆయనతోనే పోయినది. కాని కండబలముపై మోజు మన పల్లెలలో నిలిచినది. ఆమదాలవలస దాపునగల ఊసవానిపేటలో బరువులెత్తుట నేర్చిన కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కు క్రీడలలో కంచుపతకము గొని, ఒలింపిక్కు పతకమందిన మొదటి భారతీయవనిత యయ్యెను. నెల్లిమర్ల దాపునగల కొండవెలగాడ గ్రామము బరువులెత్తువారి ఊరని నేడు పేరు వడసినది. ఈ పల్లెలకు రాజకుమారులు లేరు. ఇనుపగుండ్లు, ఒక పాక, నేర్పెడి గురువు, పిల్లలను పంపెడి తలిదండ్రులు, ఇంతే. ఒకరు పోయిన నింకొకరు పట్టుకొందురు.

కావున మీ ఊరిలో ఆటకై ఎవరైన ధనవంతుడు సొమ్మిచ్చిన, సంతోషముగ పుచ్చుకొనుడు. కాని ఆ సొమ్మును పందెమునకు కాక పాదునకు పోయుడు. ఆటస్థలమును బడిపేర వ్రాయించుడు. నలుగురు పెద్దలతో సంఘము కట్టుడు. ఇచ్చినవాని పేరు గోడపై చెక్కింపుడు. పెత్తనము మాత్రము నేర్చినవాని చేతిలో నుంచుడు. పోరుబందరు ప్రభువు చేసినది అదియే. మన విజ్జీ చేయలేకపోయినదియు అదియే.

హాబ్సు శతకములు 197 అనుడు, 199 అనుడు. ఆ రెండింటి తగవు తేలనిండు. మన పల్లె పిల్లవాడొకడు సంజవేళ బడి ఆవరణమున బంతి వేయుచుండగా, ఆ ఆవరణము రేపును ఉండునా యను ప్రశ్నకు మాత్రము జవాబు మీ చేతిలోనే యున్నది.